మూడో మాత్ర

వాసుపల్లి ఎల్లాజీ, అరవై ఏడు,
పెదజాలరిపేట.
కేసు షీటు మీద ఇంతే.
అరచేతుల్లో వలతాడు కోసిన గీతలు
రాయడానికి అందులో గడి లేదు.

అతని గుండె పై గది
ఏడాదిగా కొట్టుకోవడం మానేసి వణుకుతోంది.
వణికే గదిలో నెత్తురు నిలవుంటుంది,
జెట్టీ మూలన నీళ్లలాగా, గడ్డ కడుతుంది.
ఆ గడ్డ లంగరు తెంపుకుని తలకెక్కకుండా
పొద్దుటొకటి, రాత్రొకటి
నెత్తురు పలచన చేసే మాత్ర.

మొన్న మంగళవారం గుండె నాళం పూడుకుపోతే
మణికట్టులోంచి తీగ దూర్చి స్టెంట్ వేశాను.
అగ్గిపుల్లలో సగం లేని లోహపు వల.
"నాకే వలేసినారేటి డాక్టరమ్మా" అని
బల్ల మీదే నవ్వాడు.

కొత్త లోహం కనపడితే ప్లేట్‌లెట్లకు
పడవ అడుగున పట్టే గుల్లల తొందర.
ఎక్కుతాయి, అతుక్కుంటాయి, ఒకదాని మీదొకటి.
వాటిని ఆపడానికి ఆస్పిరిన్.
అదొక్కటే చాలదు, ఇంకొకటి.
ముందునుంచీ ఉన్నదానితో కలిపి మూడు.
మూడూ మంచివే.
మూడు తెడ్లూ ఒకే పక్క వేస్తే ఏమవుతుందో
ఎల్లాజీని అడగండి.

రాత్రి పదకొండు. డిశ్చార్జి చీటీ మీద పెన్ను ఆగింది.
కిటికీ కింద కేజీహెచ్ దిగుడులో
బ్రేకులు కీచుమనిపిస్తూ ఆఖరి బస్సు.
కొత్త మందొకటుంది, చురుకైనది.
నిన్ననే కంపెనీ కుర్రాడు క్యాలెండరిచ్చి పొగిడి వెళ్లాడు.
గట్టి కాపలావాడే, కాదనను.
మరీ గట్టివాడు చీకట్లో ఇంట్లోవాళ్లనీ బాదుతాడు.
ఎల్లాజీ కడుపులో పాత పుండుంది.
పాత క్లోపిడోగ్రెల్‌నే రాశాను.
ఆస్పిరిన్ వారం రోజులే అని రాసి
కింద రెండు గీతలు గీశాను.

ఎర్రయ్యమ్మ చీటీని తలకిందులుగా పట్టుకుంది.
"గులాబీది దేనికమ్మా? తెల్లదేటికి?
ఏది ఒగ్గీమన్నారు?"
చెప్పాను. తలూపింది.
తలూపడం అర్థమవడం కాదని
నాకు తెలిసుండాల్సింది.

నలభై మూడో రోజు ఓపీకొచ్చాడు,
ముఖం సున్నం కొట్టిన గోడ.
చేప కోస్తుంటే కత్తి గీరిందట,
పూటంతా కారిందట.
నా భయం అది కాదు.
"విరేచనం తారులా నల్లగా అవుతోందా?"
మొగుడూ పెళ్లాం ఇద్దరూ నేలకేసి చూశారు.

కవరు బల్ల మీద బోర్లించాను.
మూడు రకాలూ ఉన్నాయి.
మందుల షాపు కుర్రాడు పాత చీటీయే చూసి
నెల నెలా అన్నీ ఇచ్చాడు.
నా కాగితం మీద వారం బతికిన మాత్ర
అతని కడుపులో నలభై మూడు రోజులు బతికింది.
రెండు గీతలు గీశాను కదా అని
ఎవరితో అనను?
చదువు రాని కంటికి గీత కూడా అక్షరమే.

ఎవరివో రెండు సీసాల నెత్తురెక్కించాం.
"అన్నీ ఆపీయమ్మా, నీకు దండమెడతాను" అందామె.
అన్నీ ఆపితే ఆ చిన్న వల మూసుకుంటుంది.
అన్నీ ఉంచితే మనిషి కారిపోతాడు.
మధ్యలో ఉన్నది
డాల్ఫిన్ నోస్ పక్క ఓడ దూరే కాలవంత సందు.
పుండుకి మందు కట్టాం.
ఆస్పిరిన్ తీసేశాం, ఈసారి నిజంగా.
నెత్తురు ఆగాక
మిగతా రెండూ మళ్లీ మొదలుపెట్టాం.
ఆ రాత్రి నిద్రపోలేదు నేను.

ఇంటికెళ్లే రోజు ఎర్రయ్యమ్మ
బొడ్డులోంచి నీలం వలదారం తీసింది.
రెండు అట్టలకు ముళ్లేసింది.
తెల్లవాటిని ఒక్కొక్కటే చిదిమి
చెత్తబుట్టలో రాల్చింది, లెక్కపెడుతూ.
"ముడున్నది మింగీడం, లేనిది ఒగ్గీడం.
ఇలాగ సెప్పాల తల్లీ."
క్లోపిడోగ్రెల్ ముడి మాత్రం వదులుగా వేయమన్నాను.
ఏడాది నిండాక అదీ విప్పాలి.

నా సొరుగులో ఇప్పుడు వలదారం ఉండ ఉంది.
హెడ్ సిస్టర్ చూసి ఇదేంటంది.
చెప్పడానికి నోరు రాలేదు.
ఎల్లాజీ వచ్చే శుక్రవారం రావాలి.