తొమ్మిదో మేక

మార్కాపురంలో పలక పగిలితే ఎవరూ బాధపడరు.
ముక్క తీసుకుని మేకుతో గీస్తారు:
ఒక త్రిభుజం, అడ్డంగా గీతలు, ఇరవై మూడు చుక్కలు.
చింతగింజలు మూడు పులులు.
పలక పెచ్చులు పదిహేను మేకలు.
అన్నం గంట కొట్టింది మొదలు
మళ్ళీ కోతమిషన్ తిరిగేదాకా
కాశింపీరా ఎదురుగా కూచోవాలని
కార్ఖానాలో ఒకరి వెనక ఒకరు.

అతను మేకలే తీసుకుంటాడు, ఎప్పుడూ.
"పులితో యెవుడైనా గెలుస్తాడు" అంటాడు
రెండు దగ్గుల మధ్య.

నేను ఆఫీసు గదిలో బిల్లులు కొట్టేదాన్ని.
ఎన్ని పెట్టెలు, ఏ ఓడకి, దారిలో పగిలినవెన్ని.
ఓనరు ఇంటికి పోయాక కంప్యూటరు నాది.
పులి ఉన్న చుక్క ఒకటి, లేని చుక్క సున్నా.
మేకలకి ఇంకో వరస.
ఆటంతా రెండు అంకెల్లోకి మడిచేసి
ఫ్లాపీలో వేసుకుని
జాకెట్లో దాచుకుని ఇంటికి పోయేదాన్ని.
మా అమ్మ అది తాయెత్తనుకుంది.

మొదటిరోజు ముప్పావుగంటలో నాలుగు ఆటలు ఓడింది.
కాశింపీరా ఒక మేకని ఎదురుగా ఒదిలేస్తాడు.
నా పులి లటుక్కున దూకి తింటది.
తిని చూసుకుంటే చుట్టూ మేకలే,
కాలు కదిపే సందు లేదు.
"ఏంది సుగుణమ్మా,
దీనికి తినేదొక్కటే నేర్పినావా?"

ఆ మాట ఇంటిదాకా నా వెనకే వచ్చింది.
రాత్రి కూచుని లెక్క మార్చాను.
మేకని తింటే పది మార్కులు.
కదలడానికి దారి మిగిలితే, ఒక్కో దారికి పదిహేను.
నాలుగెత్తుల ముందు చూసేది ఆరు చూసింది,
పండక్కి బట్టలు కొనకుండా మెమరీ కొన్నాక ఎనిమిది.
కట్టుబడిపోయిన పులి దగ్గర మొదలుపెట్టి
వెనక్కి, వెనక్కి నడిచాను
ఎక్కడ తప్పించుకోవచ్చో వెతుక్కుంటా.

ఫ్యాను ఊరికే ఆగిపోయేది.
మూత తీస్తే లోపలంతా పలకపొడి,
వైర్ల మీద, చిప్పుల మీద, మెత్తగా, బూడిదరంగుగా.
పాత టూత్‌బ్రష్షుతో తుడిచాను.
కాశింపీరా ఎక్స్‌రే నేను చూడలేదు.

ముప్పై రెండో ఆట.
పని దిగిన వాళ్ళు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నారు.
అతను చుక్క చూపిస్తాడు, నేను మీట నొక్కుతాను.
ఎరకి పెట్టిన మేకని పులి ముట్టలేదు.
పక్కకి జరిగి కూచుంది.
కాశింపీరా మొట్టమొదటిసారి
గడ్డం గోక్కోవడం మానేశాడు.

వాళ్ళకి చీకటిపడే టైము, నాకు చేతులు చెమట.
ఏడు మేకలు పోయాయి. ఇంక కట్టలేడు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
కట్టర్ తిరుపాలు నన్ను చూసిన చూపు
నేనేదో దొంగతనం చేసినట్టుంది.

"ఏ మేక?" అన్నాడు కాశింపీరా.
వెనక్కి తిప్పి చూపించాను.
"తొమ్మిదోది. ఇక్కడ కాకుండా
ఈ మూలన పెట్టుంటే నువ్వు ఓడేవాడివి కాదు."
చాలాసేపు చూశాడు తెర వంక.
"పెట్టేటప్పుడే చెయ్యి చెప్పింది. నేను ఇన్లేదు"
అని నవ్వాడు. నవ్వు దగ్గయింది.
దగ్గు తగ్గేదాకా అందరం నేల చూశాం.

వారం రోజులు పనిలోకి రాలేదు.

ఎనిమిదోరోజు అన్నం గంటకి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు
చంకలో పలకముక్క, కొత్తది, పగలనిది.
అదే త్రిభుజం, అవే గీతలు,
కుడిపక్క మాత్రం ఎన్నడూ లేని ఒక గీత
బయటికి సాగి ఒక చుక్క దగ్గర ఆగింది.
లెక్కపెట్టాను. ఇరవై నాలుగు.

"ఇప్పుడు ఆడు. నువ్వు పులులు, నేను మేకలు."
కంప్యూటరు వైపు గడ్డంతో చూపించి
గొంతు తగ్గించాడు:
"దానికి చెప్పబాక."

ఓడాను. మళ్ళీ ఓడాను.
సాయంత్రం మిషన్ ఆన్ చేసి
పెట్టెలు, ఓడలు, పగిలినవి కొట్టాను.
కర్సరు ఆరుతా వెలుగుతా ఉంది.
చెప్పలేదు.