పున్నమి సెలవు

మా పడవకి సెలవు పున్నమికే.
ముందు రెండ్రోజులు, వెనక రెండ్రోజులు
లాస్తొవో రేవులో తాళ్లకి కట్టేసి ఉంటుంది.
నడి సంద్రంలో మేం వేలాడదీసే దీపాన్ని
చందమామ అనుకుని కవ్వలు పైకొస్తాయి.
అసలు చందమామ వచ్చిన రాత్రి
మా దీపాన్ని ఎవరు నమ్ముతారు?

అందుకని,
టెలిస్కోపులున్న వాళ్లంతా మూతలు బిగించి
ముసుగు తన్ని పడుకునే రాత్రుల్లోనే
నేను వాననీటి తొట్టి రాతి కప్పు మీదకి
మూడు కాళ్ల స్టాండు మోసుకెళ్తాను.
పక్కింటి పెరీనా కిటికీ తీసి అడుగుతుంది:
"లుక్షా, ఇంత వెన్నెల్లో ఏం కనిపిస్తుందయ్యా నీకు?"
ఏమీ కనిపించదు.
కనిపించదు గనకే తీస్తున్నాను.

ఆకాశం పొంగిన పాలలా ఉంది.
కరోబ్ చెట్టు కింద నీడ కూడా తెల్లబోయింది.
పైన ఎక్కడో హంస రెక్క కింద
ఎప్పుడో పగిలిన ఒక నక్షత్రం
దాని పొగ ఇంకా విచ్చుకుంటూనే ఉంది.
కెమెరా ముందు ఒక గాజు బిళ్ల బిగించాను.
గోరంత మందం, నెల వాటా ఖరీదు.
ఎరుపుల్లో ఒకే ఒక్క ఎరుపు,
హైడ్రోజన్ ఎరుపు,
అది తప్ప దేన్నీ రానివ్వదు.

వల కన్ను సంగతి నాకు తెలుసు.
పిల్ల చేప జారిపోవాలి, పెద్దది చిక్కాలి,
సన్నకన్ను వల వేస్తే జరిమానా.
ఈ గాజుది తిరగేసిన న్యాయం.
వెన్నెలంతా బయట తల కొట్టుకుంటుంది,
ఆ ఒక్క పోగే లోపలికి జారుతుంది.

ఒక్కో ఫోటోకి పది నిమిషాలు.
మొదటిది బూడిద.
రెండోది బూడిద.
పదకొండోదాన్ని బూరా గాలి తోసేసింది.
ఈలోగా చిరిగిన వల ముందేసుకుంటాను.
దీపం అక్కర్లేదు,
శత్రువు వెలుగులోనే సూదికి దారం ఎక్కిస్తాను.

మూడు పున్నముల బూడిదని
ఒకదాని మీద ఒకటి పేర్చాక
అందులోంచి ఒక పోగు లేచింది.
దాని పక్కన ఇంకో పోగు.
పెరీనా కళ్లజోడు సర్దుకుని చూసి
"అయ్యో, దీన్నెవరు కుడతారు?" అంది.

గెలాక్సీలు మాత్రం నా వల్ల కాదు.
అన్ని రంగులూ కలిసిన వెలుగు వాటిది,
సముద్రంలో పడ్డ ఉప్పులా వెన్నెల్లో కరిగిపోతాయి.
వాటికి అమావాస్య కావాలి.
అమావాస్యకి నేను పడవలో.
దీపాలార్పి తిరిగొచ్చే తెల్లవారుజామున
ఆండ్రోమెడా నెత్తిమీద ఉంటుంది.
పొలుసులంటిన చేతి వెనకతో కళ్లు తుడుచుకుని చూస్తాను.
చూసేదాన్ని తీయలేను,
తీసేదాన్ని చూడలేను.

మొన్న సెప్టెంబరు అమావాస్యకి ఇంజన్ మొండికేసింది.
స్ప్లిట్ నుంచి సామాను రావాలి.
కెప్టెన్ బర్తుల్ రేవంతా వినపడేలా తిడుతుంటే
నేను లోలోపల నవ్వుకున్నాను.
ఆ వారం ఎవరికీ వాటా లేదు.
ఆ నవ్వుకి ఇంకా సిగ్గుగానే ఉంది.

గాజు బిళ్ల తీసేశాను.
ఆండ్రోమెడా కొండ దాటగానే మొదలుపెట్టి నాలుగు గంటలు.
వచ్చింది.
కోడిగుడ్డంత వెలుగు, దాని చుట్టూ దుమ్ము చారలు,
కింద ఎడమ మూల మాత్రం
పసుపు మరక.

కొండెక్కి చూశాను.
కోర్చుల వైపు నీళ్ల మీద వరసగా దీపాలు.
మేం లేని చోట
మా కవ్వల్ని పిలుస్తున్నాయి.

"తుడిచెయ్యనా పెదనాన్నా, నిమిషం పని" అంది
తమ్ముడి కూతురు యెర్కా, కంప్యూటర్ ముందు.
వద్దన్నాను.
నెలకి ఇరవై రాత్రులు
ఎవరి ఫోటో మూలనో ఆ మరక నేనే.

సామాను నిన్న వచ్చింది.
సాయంత్రం దీపాల గాజులు తుడిచి పెట్టాను.
పున్నమికి ఇంకా పదకొండు రోజులు.