మూడో తరగతి, బి సెక్షన్

జూన్‌లో పాఠం నీళ్లు.
గండిపేట గట్టు మీద నిలబెడితే
అటూ ఇటూ కలయజూసి నౌషీన్ అడిగింది:
"మరి ట్యాంకర్ ఎక్కడ, టీచర్?"

గోల్కొండ గుమ్మటం కింద అందరం చప్పట్లు కొట్టాం.
పైన వినమని పంపిన శ్రవంత్
జామకాయకి ఉప్పుకారం అద్దుకుంటూ మరిచిపోయాడు.
"వినిపించింది" అని మాత్రం
నోట్‌బుక్‌లో గుండ్రంగా రాశాడు.

జంతువుల పాఠానికి జూ అనుకున్నాం.
బస్సు డబ్బులు పదకొండుమంది తేలేదు.
బోరబండ సందులో గేదెల కొట్టానికి నడిచాం.
దూడ అందరి చేతులూ నాకింది,
నావి కూడా.

ఏప్రిల్‌లో చార్టులు విప్పుతుంటే
నీళ్ల చార్టు వెనక, గోడ మీద,
ఎవరో పెన్సిల్‌తో గీసిన చెరువు.
చెరువుకో కుళాయి,
కుళాయి కింద బిందెల వరస.
రబ్బరు చేతిలోకి తీసుకున్నాను గానీ,
సున్నం వేసేవాళ్లు వేసుకుంటారులే.