అయిదో నంబరు తప్పు

లొల్ల లాకుల దగ్గర, రేకుల గదిలో
నీటిమట్టం రాసే పెట్టె సాయంత్రం నుంచి
ఒకటే మాట రాస్తోంది:
తప్పు 5. తప్పు 5. తప్పు 5.
నేను రావులపాలెం దాటేలోపు
ధవళేశ్వరం ఇంజినీరు రెండుసార్లు ఫోనులో అరిచాడు,
నాలుగు గంటలుగా కాలువ ఖాళీ అంటోంది మీ మిషను, అని.
కిటికీ అవతల అదే కాలువ
గట్టు అంచు నాకుతూ, ఎర్రగా, నిండుగా పోతోంది.

వానకి సిగ్నలు పోయింది. అడగడానికి ఎవరూ లేరు.
నల్ల తెర తెరిచి
ఆరి వెలిగే గీత పక్కన రెండే మాటలు కొట్టాను:
ఎర్‌నో, అయిదు.
జవాబు ఒక్క వరుస. పరికరంతో ఇచ్చిపుచ్చుకోవడం కుదరలేదు.
ఎందుకు కుదరలేదో అది చెప్పదు.
తగువులో పెద్దమనిషిలా
తప్పు పేరు చెప్పి కండువా దులుపుకుంటుంది.

వెనకాల గోనె కప్పుకుని లస్కరు ఏసుపాదం.
"ఇంకా ఏటేటి తెలుసమ్మా దానికి?"
జాబితా అంతా తెరిపించి చదివాను.
రెండు: అలాంటి ఫైలు లేదు.
పదకొండు: ఇప్పుడు కుదరదు, మళ్ళీ రా.
"ఆయ్, మండలాఫీసులో మాకూ అదే చెప్తారండి."
పదమూడు: నీకు అనుమతి లేదు.
దానికి నవ్వలేదు.
ముప్పై రెండు గొట్టం తెగడం, నూట పదమూడు అవతలికి దారి లేకపోవడం.
"అంటే రేవులో పంటు ఆపేశారన్నమాట."

కాసేపు వాన విన్నాడు.
చొక్కా లోపలి జేబులోంచి, పాల కవరులో చుట్టిన
పాసు పుస్తకం తీశాడు.
"నాకూ ఓ నంబరుందమ్మా. కొట్టు.
రెండొందల పన్నెండు బై మూడు."
ఇది మిషన్ల నంబర్లకేనండీ అన్నాను.
"కొట్టమ్మా, నీదేం పోయింది."

కొట్టాను.
తెర ఏమీ అనలేదు.
ఒక ఖాళీ వరుస, మళ్ళీ అదే గీత, ఆరుతూ వెలుగుతూ.

"ఎకరం ముప్పై సెంట్లు. లంకలో. అరటీ, కందా.
ఎనభయ్యారు వరదకి సగం కోసేసింది,
మిగతా సగం ఏడాదికో బారెడు.
మా బాబు ఆ నీళ్ళకి కూడా శిస్తు కట్టాడు.
పడవేసుకెళ్తే ఇదిగో ఇక్కడా అని ఇప్పటికీ చూపిస్తాను."

రెండో నంబరు గుర్తొచ్చింది నాకు. కాదు.
అది అసలు లేనిదానికి, పేరు తప్పు రాసినదానికి.
ఇది అది కాదు. పైకి అనలేదు.

ఆయనే టార్చి పట్టుకుని మెట్లు దిగాడు.
మోకాలు, తొడ, నడుం.
ఈనలేని గేదెకి చెయ్యి సాయం పట్టినట్టు
సెన్సారు గొట్టంలోకి భుజం దాకా దూర్చి,
కళ్ళు మూసుకుని వెతికాడు.
గుప్పిట విప్పితే
గుర్రపుడెక్క వేళ్ళు, నాలుగు నత్తలు, ఓ షాంపూ పాకెట్టు.
"ఇదిగోనమ్మా, నీ అయిదు."

పెట్టె అంకె రాసింది: మూడు మీటర్ల పన్నెండు.
ఆయన రాతి మీది కొలత చూసి
వేళ్ళు మడిచాడు.
"పదడుగుల మూడంగుళాలు. ఫరవాలేదు, నిజమే చెప్తోంది."

తెల్లారగట్ల రిపోర్టు రాశాను.
తప్పు: 5. కారణం: నత్తలు.
కింద ఇతర గమనికలని ఒక గడి, ఎవరూ నింపనిది.
212/3 అని కొట్టి, ఆగాను.
దాచమంటావా అని అడిగింది మిషను.
ఊఁ అన్నాను.
సోమవారం ఎవరో ఒకరు అడుగుతారు ఈ నంబరేమిటని.
అడిగితే బాగుణ్ణు.