పరగడుపు

కొత్తపేటలో ఇంకా షట్టర్లు లేవని వేళ
మా ల్యాబు మెట్ల మీద ముందుగా కూర్చునేది శౌరయ్యే.
చొక్కా చెయ్యి మడిస్తే మిరప ఘాటు లేచి
నాకు తుమ్ములు, ఆయనకు నవ్వు.
"ముప్పై ఏళ్ల యార్డు తల్లీ, స్నానానికి పోదు."

టిక్కీలు ఎత్తీ ఎత్తీ తాడు తేలిన ఆ చేతిలో
నరం దొరకడం తేలిక.
దొరకనిది లెక్క.

నూట ఎనభై ఆరు.

"రాత్రి ఎనిమిదికి ఒక్క జొన్నరొట్టె.
ఆపైన మంచినీళ్లే, ఒట్టు."
వెనక నిలబడ్డ ఇన్నాసమ్మ ఏమీ అనదు.
ఆమె చూపు మాత్రం ఆయన జేబులు తడుముతుంది,
కోవా కాగితం ఏదైనా తగులుతుందేమోనని.

పోయిన నెలా ఇంతే. ఆ ముందు నెలా ఇంతే.
పడుకునేటప్పుడు నూట ముప్పై,
లేచేసరికి ఇది.
నిద్రలో ఎవరు తినిపించారు ఈ మనిషికి?

రిపోర్టు కాగితం వెనక గీసి చూపించాను.
"ఇది నీ కార్జం బాబాయ్.
బైపాసు పక్కన కోల్డ్ స్టోరేజీ అనుకో.
తిన్న పూట మిగిలిన తీపిని
టిక్కీ మీద టిక్కీగా పేర్చుకుంటుంది.
లోపలికి చీటీ రాసే గుమాస్తా ఇన్సులిన్.
బయటికి రాసేవాడు గ్లూకగాన్.
ఇద్దరి కొట్టూ క్లోమమే, పక్కపక్క బల్లలే.
ఒకడి కలం లేస్తే ఇంకొకడిది దిగాలి."

"మరి తెల్లారుజామున?"

"నాలుగింటికి
నువ్వింకా గోడవైపు తిరిగి పడుకునే ఉంటావు.
మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న గ్రంథుల నుంచి
కార్టిసాల్ బయల్దేరుతుంది.
మెదడు అడుగు నుంచి ఇంకో కబురు:
మనిషి లేవబోతున్నాడు, బరువెత్తబోతున్నాడు,
ఉత్త ఒంటితో పంపొద్దు.
ఛాంబరు తలుపులు తెరుచుకుంటాయి.
సరుకు రోడ్డెక్కుతుంది.

అందరికీ అంతే.
కాఫీ చుక్క తాగకుండా బస్సెక్కొచ్చిన నాకూ అంతే.
కాకపోతే నా గుమాస్తా లేచి, ఇక చాలని చీటీ చింపుతాడు.
కండల గుమ్మాలు తట్టి సరుకు దింపిస్తాడు.
నీవాడు అలిసిపోయాడు.
వాడు కేకేసినా
తలుపు తీసేవాళ్లు తగ్గిపోయారు.
దింపుకునే దిక్కులేక లారీలన్నీ రోడ్డు మీదే.
ఆ రోడ్డు మీదే కదా నేను సూది గుచ్చింది."

శౌరయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.
నా బొమ్మలో కార్జం వంకాయలా ఉంది.
చదువు రాని వేలితో దాని అంచు మెల్లగా రాశాడు.
"అంటే, నేను లేవకముందే
నాకోసం లోపల హమాలీలు లేస్తున్నారన్నమాట."
కాసేపాగి,
"కూలెవరిస్తారమ్మా వాళ్లకి?"

దూది గట్టిగా నొక్కి పట్టుకోమన్నాను.
అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.
మాత్ర మార్చే పని డాక్టరుగారిది,
పదింటికి గాని రారు.

డబ్బులివ్వడానికి ఇన్నాసమ్మ కొంగుముడి విప్పింది.
మూడు వందల నోట్ల మధ్య నుంచి
పటికబెల్లం ముక్క ఒకటి బల్ల మీదికి దొర్లింది.
మాత్ర మింగి కూడు మరిచిన ఒక మధ్యాహ్నం
యార్డు కాటా దగ్గర చెమటలు కక్కి కూలబడ్డాడట.
అప్పట్నుంచీ మోస్తోంది.

ముక్కకు అంటిన దుమ్ము ఊది
మళ్లీ ముడేసుకుంది, ఆయన చూడకుండా.
ఆయన చూశాడు.

బయట మొదటి లారీ హారన్.
"ఇడ్లీ తిందువుగాని రా" అంది,
"రెండే."