లోతు

జాలారిపేటలో ఎండుచేపల మూటలెక్కించి
రెండింటికి బయల్దేరాం, పాడేరు సంతకి.
మాడుగుల దాకా మాటలున్నాయి.
గరికబంద దగ్గర టీ తాగి ఘాటెక్కామో లేదో
మంచొచ్చి వేన్ అద్దానికి అతుక్కుపోయింది.
లైటేస్తే తెల్లటి గుడ్డితనం,
ఆర్పితే నల్లటిది.

ఎర్రోడు మామ బండి ఆపేశాడు.
ముప్పై ఏళ్లు తెప్ప మీద తిరిగినోడు.
"ఏటి మామా, సూపానట్లేదా?"
"సూపెందుకురా, లోతు తెలిస్తే సాలు."

దిగి, ఎడమకో రాయి విసిరాడు.
టక్కుమంది. కొండ.
కుడికింకోటి.
విన్నాం.
ఇంకా విన్నాం.
మూటల్లో నెత్తళ్లు కూడా వింటున్నట్టే ఉంది.

అడుగునించి గొంతు లేచింది:
"ఎవుల్రా, రాళ్లేత్తన్నారు?"

ముందు చుట్టనిప్పు వచ్చింది,
తర్వాత దుప్పటి,
ఆఖర్న మనిషి.
మిరియాల తోట కాపలా, పాంగి సుకురు.
తిట్టడం ఆపకుండానే బండి ముందు నడిచాడు.
ఆ ఎర్రచుక్క వెనకే మా నాలుగు చక్రాలూ,
మలుపు మలుపుకీ ఎండుచేపల బేరం.

వంట్లమామిడి దగ్గర
అరవీశెడు నెత్తళ్లు దుప్పట్లో కట్టుకుంటూ అడిగాడు:
"మీ సముద్రం ఎంత లోతుంటాది?"

మామ చాలాసేపు ఆలోచించాడు.
"రాయేస్తే
ఎవులూ తిట్టరు.
అంత."