సూది

కాజా టోల్‌గేటు దాటాక
గేరుబాక్సు సూది మళ్ళీ లేచింది.
వెనక ఇనపకడ్డీకి తగిలించిన లారీలో
నూట అరవై టిక్కీల మిర్చి,
ఊరికే స్టీరింగు పట్టుకున్న జక్రయ్య.

మస్తాన్‌వలి మేస్త్రీ చెప్పనే చెప్పాడు:
"బరువు లాగేప్పుడు ఏసీ కట్టెయ్‌రా.
నీ మొహమ్మీంచి తీసిన వేడంతా
ముందు జాలీలోనే కక్కుతుందది.
ఆ గాలితోనే గేరునూనె చల్లారాలి, పాపం."

కట్టేశాను.
అద్దం దించగానే మే నెల
క్లీనరు సీట్లో కొచ్చి కూర్చుంది, అడక్కుండా.

మంగళగిరిలో బళ్ళు ఆగాయి.
వెనకనించి మిర్చి ఘాటు నింపాదిగా నడిచొచ్చింది.
తుమ్మాను.
సైడద్దంలో జక్రయ్యా తుమ్మాడు.
గుంటూరు యార్డు నించీ తుమ్ముతూనే ఉన్నాడేమో,
చచ్చిన ఇంజను, ఫ్యానైనా తిరగని క్యాబిను.
నా అద్దాలు మూసున్నంతసేపూ
నాకు వినపళ్ళేదు.

వారధి ఎక్కాక
కృష్ణ మీంచి కాస్త గాలి.
సూది ఒక్క గీత దిగింది.
ఆటోనగర్ ఇంకో ఐదు కిలోమీటర్లు,
పెద్ద దూరమేం కాదు.

వేలు ఏసీ బొత్తాం దాకా వెళ్ళి
చెవి గోక్కుని
వచ్చేసింది.